మెట్టు దిగితే గంగ

బెంగళూరుకు అరవై కిలోమీటర్ల దూరంలో, నంది కొండ పాదాల దగ్గర ఒక కోనేరు ఉంది. నందీశ్వరుడు కొమ్ముతో నేలను పొడిస్తే గంగ పైకి ఉబికిందని అక్కడివాళ్లు చెబుతారు. పన్నెండు వందల ఏళ్ల గుడి పక్కన ఉన్న ఆ శృంగి తీర్థం, నీళ్లకు కటకటలాడే మన నగరానికి చెప్పాల్సింది చాలా ఉంది. ఈ ఆదివారం ఆ మెట్ల మీద కాసేపు కూర్చుందాం.

హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేసరికి ఇంకా తెల్లవారలేదు. సర్వీసు రోడ్డులో ఒక అపార్టుమెంటు గేటు ముందు మూడు నీళ్ల ట్యాంకర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒకదాని గొట్టం లోపలి సంపులోకి దించి, డ్రైవరు టీ తాగుతున్నాడు. కారు వెనక సీట్లోంచి మా అమ్మ వాటినే చూస్తూ, “పొద్దు పొడవకముందే నీళ్లు కొనుక్కోవాల్సిన గతి పట్టిందా ఈ ఊరికి” అంది. నెల్లూరులో పెన్న ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లను ముంతతో తోడి బిందె నింపుకున్న రోజులు ఆమెకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

“నీ పెన్న పుట్టిల్లు చూపిస్తా పదమ్మా” అని బయల్దేరదీశాను.

బళ్లారి రోడ్డు మీద దేవనహళ్లి దాటాక ఊరి గాలి తగులుతుంది. పంపరపనస చెట్లు, ద్రాక్ష పందిళ్లు, ఆ వెనక మంచులో సగం మునిగిన నంది కొండ. వారాంతంలో ఈ దారిన వచ్చే వందల బైకులు, కార్లు నేరుగా కొండ మీదికే పోతాయి. సముద్ర మట్టానికి 1,478 మీటర్ల ఎత్తున సూర్యోదయం చూసి, ఫొటోలు దిగి, ఎండ ముదరకముందే నగరానికి తిరిగిపోతాయి. కొండ కింద నంది గ్రామంలో ఆగేవాళ్లు తక్కువ. మేం అక్కడే ఆగాం.

కోనేటి ఒడ్డున ఇద్దరు తెలుగువాళ్లు

భోగ నందీశ్వరాలయం ప్రాకారాలు ఒక్కొక్కటిగా దాటుకుంటూ లోపలికి వెళ్తే కోనేరు కనిపిస్తుంది. కన్నడంలో కల్యాణి అంటారు, మనం కోనేరనో పుష్కరిణనో అంటాం. నాలుగు వైపులా రాతి స్తంభాల మండపం, మండపం అంచు నుంచి కిందికి రాతి మెట్లు, అట్టడుగున ఆకుపచ్చటి నీరు. బయట రోడ్డు మీద హారన్లు మోగుతున్నా ఇక్కడికి వినిపించవు. పావురాల రెక్కల చప్పుడు మాత్రం మండపం కప్పుకు తగిలి తిరిగొస్తూ ఉంటుంది.

నేను మెట్లనే చూస్తూ ఉండిపోయాను. పైమెట్లు ఎండకు వెలిసి తెల్లగా ఉన్నాయి. నాలుగైదు మెట్లు దిగితే రాయి బూడిదరంగుకు తిరిగింది. ఇంకాస్త కింద పాచి ఎండి నల్లటి చార కట్టింది. ఆ కింద తడి, ఇంకా కింద నీళ్లు. కిందటి వానాకాలం నీళ్లు ఎంతదాకా వచ్చాయో, ఎండలకు ఎంత దిగాయో ఆ చారలు చూసి చెప్పేయొచ్చు. పూర్వం ఊరి పెద్దలకు వేరే లెక్క అక్కర్లేదు. ఫలానా మెట్టు మునిగిందంటే ఈ ఏడు గట్టెక్కినట్టే. ఫలానా మెట్టు తేలిందంటే పొదుపుగా వాడుకోవాల్సిందే. ఊరంతా రోజూ వచ్చిపోయే చోట, ఊరంతా చదవగలిగే లెక్క అది.

మాకు కాస్త దూరంలో ఒక ముసలావిడ పైమెట్టు మీద కూర్చుని పూలదండ కడుతోంది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి దిగబోతుంటే, “నిదానంగా దిగమ్మా, రాయి జారుతాది” అంది తెలుగులో. అమ్మ ముఖం వెలిగిపోయింది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి, కోలారు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే ఇంటి భాష. బడిలో కన్నడం, వంటింట్లో తెలుగు. ఇక్కడికి దగ్గర్లోని కైవారంలో పుట్టిన యోగి నారేయణ యతీంద్రులు, అక్కడివాళ్ల నోట కైవార తాతయ్య, తన కాలజ్ఞానం చెప్పిందీ తెలుగులోనే.

“మీది ఈ ఊరేనా అవ్వా?” అని అడిగాను.

“ఔ నాయనా. పుట్టిందీ మెట్టిందీ ఈ చుట్టుపక్కలే. మా నాయన బావి తొవ్వించినప్పుడు ముప్పై అడుగులకే జల పడింది. కపిల కట్టి రాగి పండించినాం. ఇప్పుడు నా మనవడు వెయ్యి అడుగుల పైన బోరు ఏసినాడు. దుమ్ము లేసింది. అంతే.”

అమ్మ నీళ్లు తాకి, ఆ తడిచేతిని కళ్లకు అద్దుకుంది. అవ్వ మళ్లీ అంది: “నంది కొమ్ముతో పొడిస్తే వచ్చిన నీళ్లమ్మా ఇవి. అందుకే శృంగి తీర్థం అంటారు.” శృంగం అంటే కొమ్ము.

రాతిలో పన్నెండు వందల ఏళ్లు

కథ సరే, చరిత్ర ఏం చెబుతోంది? కర్ణాటకలోని అతి పాత ఆలయాల్లో ఇదొకటి. ఇక్కడ శివాలయం గురించి చెప్పే తొలి శాసనాలు 9వ శతాబ్దం తొలి ఏళ్లవి. క్రీ.శ. 806 ప్రాంతానికి చెందిన నొలంబుల శాసనం ఒకటి, 810 ప్రాంతపు బాణ రాజుల తామ్ర శాసనం మరొకటి. ఈ గుడి కట్టించిన పుణ్యం బాణ వంశపు రాణి రత్నావళిదని స్థానికంగా చెప్పుకుంటారు. నొలంబులు, బాణులు, గంగులు, చోళులు, హొయసళులు, విజయనగర రాయలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మండపాలు, ప్రాకారాలు అలా ఒక్కొక్కటిగా పెరిగాయి. ఇప్పుడిది భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

లోపల మూడు గుళ్లు ఒకే వరసలో ఉన్నాయి. ఒక కొసన అరుణాచలేశ్వరుడు, మరో కొసన భోగ నందీశ్వరుడు, మధ్యలో ఉమామహేశ్వరుడు. ఉమామహేశ్వరుడి ముందు నల్లరాతి కల్యాణ మండపం ఉంది. స్తంభాల మీది లతల్లో వాలిన రాతి చిలకల్ని చూస్తే చెయ్యి వేస్తే ఎగిరిపోతాయేమో అనిపిస్తుంది. భోగ నందీశ్వరుడి గుడిలో ఉన్న రాజు విగ్రహాన్ని రాజేంద్ర చోళుడిదని చెబుతారు. శివుడి బాల్యం అరుణాచలేశ్వరుడు, యౌవనం భోగ నందీశ్వరుడు. కొండ మీద ఉన్న యోగ నందీశ్వరుడు వైరాగ్యం. అందుకే ఉత్సవాలు, పెళ్లి సంబరాలు కింద గుడిలోనే. కొండ మీది స్వామికి అవేవీ లేవు.

ఆ రాజ్యాలన్నీ పోయినా కోనేరు మాత్రం నిలిచింది. గుడికి కోనేరు లేకపోతే మన పెద్దల దృష్టిలో ఆ గుడి పూర్తయినట్టు కాదు. స్వామికి అభిషేకానికి నీళ్లు కావాలి. యాత్రికులు కాళ్లు కడుక్కోవాలి. పశువులకు, పొలాలకు ఊట అందాలి. కోనేరు తవ్వినవాడికి పుణ్యం, పూడ్చినవాడికి పాపం అని కట్టడి చేశారు. పవిత్రం అన్న ఒక్క మాటతో నీటికి కాపలా పెట్టారు. కోనేట్లో చెత్త వేయడానికి వందల ఏళ్ల పాటు ఎవరికీ చేతులు రాలేదంటే ఆ కాపలా బలమే.

ఈ నమ్మకం మనదొక్కరిదే కాదు. మక్కా వెళ్లిన యాత్రికుడు జమ్ జమ్ బావి నీళ్లు ఇంటికి తెచ్చుకుంటాడు. ఫ్రాన్సులోని లూర్దు ఊట దగ్గర సీసాల్లో నీళ్లు పట్టుకునేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. తిరుమల స్వామి పుష్కరిణిలో మునగడానికి మనం మెట్ల మీద బారులు తీరుతాం. నేలలోంచి నీరు తనంతట తాను పైకి వచ్చే చోటు ఏ జాతికైనా దేవుడు కనబడ్డ చోటే.

మన పెన్నమ్మ పుట్టిల్లు

“ఇంతకీ నా పెన్న ఏదిరా?” అని అమ్మ గుర్తు చేసింది.

నంది కొండలు చూడటానికి నాలుగు రాతి గుట్టల్లా ఉంటాయి. దక్షిణాదికి అవి ఇచ్చిన నీళ్లు మాత్రం అన్నీ ఇన్నీ కావు. ఈ కొండల వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర పుట్టేది ఉత్తర పినాకిని, అంటే మన పెన్న. అనంతపురం, కడప, నెల్లూరు నేలల్ని తడుపుతూ 597 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పుట్టపర్తి పక్క నుంచి పోయే చిత్రావతి, కమలాపురం దగ్గర పెన్నలో కలిసే పాపఘ్ని కూడా ఈ చుట్టుపక్కల నేలలోనే పుట్టాయి. దక్షిణ పినాకిని హొసకోట, హొసూరు మీదుగా తమిళనాడు చేరి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. శృంగి తీర్థమే దాని పుట్టుక అని ఇక్కడి నమ్మకం. కుప్పం ప్రాంతానికి తెలిసిన పాలారుదీ ఈ కొండల ఒడే. బెంగళూరు వైపు దిగేది అర్కావతి.

పినాకం శివుడి విల్లు. ఉత్తరానికీ దక్షిణానికీ ఒకే కొండ నుంచి వదిలిన రెండు బాణాల్లా రెండు పినాకినులు. నెల్లూరు దగ్గర పల్లెపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ దాన్ని ప్రారంభించారు. ఆరేళ్ల తర్వాత, 1927 వేసవిలో, ఆరోగ్యం దెబ్బతిన్న గాంధీజీ విశ్రాంతి కోసం వచ్చింది ఈ నంది కొండకే. ఆ నది చివర్న ఆశ్రమానికి దీపం పెట్టిన మనిషి, అది పుట్టే కొండల్లో సేదదీరాడు. ఈ మాట చెప్పగానే, చిన్నప్పుడు ఆ ఆశ్రమానికి బడి పిల్లలతో వెళ్లిన అమ్మ కోనేటి వైపు తిరిగి మరోసారి దణ్ణం పెట్టింది.

ముద్దేనహళ్లి పిల్లవాడు

నంది గ్రామానికి దగ్గర్లోనే ముద్దేనహళ్లి ఉంది. ఏటా సెప్టెంబరు 15న దేశం ఇంజినీర్ల దినోత్సవం జరుపుకునేది ఆ ఊళ్లో పుట్టిన పిల్లవాడి పేరు మీదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబం. ఆ ఇంటిపేరులోనే గుండం ఉంది, అంటే తీర్థం. తీర్థం పేరు మోసుకుని వచ్చిన ఇంటి పిల్లవాడు, తీర్థం ఉన్న కొండ నీడలో పెరిగి, దేశానికి నీటి పని నేర్పాడు. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తినప్పుడు నిజాం ప్రభుత్వం ఆయన్నే పిలిచింది. ఆయన సూచనల మేరకు ఆ తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మండ్య జిల్లాను పచ్చగా మార్చిన కృష్ణరాజసాగర్ ఆయన కృషే.

ముద్దేనహళ్లిలో ఆయన పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఊళ్లోనే సమాధి. భోగ నందీశ్వరుణ్ని చూసి తిరిగి వచ్చేటప్పుడు తెలుగువాళ్లు తప్పక ఆగాల్సిన చోటు.

కుళాయి నీటి కథ

ఇక మన నగరం సంగతి. కోట చుట్టూ పేటగా మొదలైన బెంగళూరు వందల ఏళ్లు చెరువులు, బావులు, కల్యాణుల నీళ్లే తాగింది. ఊరికి తొలి కుళాయి నీళ్లు ఇచ్చింది ఈ నంది కొండ నుంచి దిగిన అర్కావతే. దాని మీద 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయాలు వచ్చాయి. నగరం పెరిగింది, అర్కావతి పలచబడింది. 1974లో కావేరి నీళ్లు వచ్చాయి. ఇప్పుడు తొరెకాడనహళ్లి నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరం, సుమారు అర కిలోమీటరు ఎత్తుకు మోటార్లతో ఎక్కించి మన ఇంటి కుళాయిలోకి తెస్తున్నారు.

అదీ చాలలేదు. 2024 వేసవి ఎవరూ మరచిపోలేరు. నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోర్లలో సగం వరకూ ఎండిపోయాయని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. ఆ నెలల్లో మా అపార్టుమెంటులో రోజుకు రెండు గంటలే నీళ్లు. పొద్దున్నే బకెట్లు పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డ ఇరుగుపొరుగుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

చెరువులదీ అదే కథ. ధర్మాంబుధి చెరువు ఉన్న చోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. ఆ చెరువులో మిగిలిన చిన్న గుంట దగ్గరికే ఇప్పటికీ కరగ ఉత్సవం కోసం భక్తులు వెళ్తారు. చెరువు పోయినా మొక్కు పోలేదు.

నంది కొండ కింద రైతుల కష్టం ఇంతకన్నా పెద్దది. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లాలు చిక్కబళ్లాపురం, కోలారు. బోర్లు వెయ్యి అడుగులు దాటి లోతుకు పోయాయి. ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడ్. నల్గొండ పల్లెల బాధ తెలిసిన మనకు ఈ మాట వేరే విడమరచి చెప్పక్కర్లేదు. 2016 మార్చిలో ఇక్కడి రైతులు శాశ్వత నీటి వసతి కావాలని ట్రాక్టర్లతో బెంగళూరు వైపు కదిలారు. 2018లో బెంగళూరు మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపే పథకం మొదలైంది. ఆ తర్వాత హెబ్బాళ, నాగవార లోయల నీళ్లు ఇలాగే చిక్కబళ్లాపురం చెరువులకు చేరాయి. ఎండిన చెరువుల్లో నీళ్లు కనిపించాయి, చుట్టుపక్కల బావుల్లో ఊట పెరిగింది. ఆ నీటిని మూడో దశ దాకా శుద్ధి చేశాకే పంపాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. అది న్యాయమైన కోరిక.

ఒకసారి ఈ దారిని వెనక్కి తిరిగి చూడండి. నంది కొండ మన నగరానికి తొలి కుళాయి నీళ్లు ఇచ్చింది. వందేళ్లు దాటాక మనం ఆ కొండ కింది పల్లెలకు ఇస్తున్నది మనం వాడి వదిలిన నీళ్లు. బాకీ తీర్చే పద్ధతి ఇది కాదు. కనీసం ఆ నీళ్లైనా తేటగా, తాగే బావిని పాడుచేయని విధంగా పంపడం మన బాధ్యత.

గడ్డపార పట్టిన తెలుగు

కోనేటి దగ్గర అవ్వ చెప్పిన మాట నన్ను వదల్లేదు. ముప్పై అడుగులకే పడ్డ జల ఎక్కడికి పోయింది?

బెంగళూరు, కోలారు నేల కింద ఉన్నది కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. దాని వయసు ఎంతో తెలియాలంటే లాల్‌బాగ్ బండ చూడండి. సుమారు 300 కోట్ల ఏళ్లది. ఆ రాతి మీద కొన్ని పదుల అడుగుల మందాన మెత్తబడిన మట్టి పొర ఉంటుంది. వాన నీళ్లు ఇంకి నిలిచేది ఆ పొరలోనే. పాత బావులు, కోనేర్లు దానిలోంచే ఊటను తీసుకునేవి. వాన కురిస్తే అది నిండుతుంది, తోడితే దిగుతుంది, మళ్లీ వాన కురిస్తే నిండుతుంది. బోరు ఆ పొరను దాటి రాతి నెర్రెల్లోకి దిగుతుంది. అక్కడికి నీరు చేరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. మనం దాన్ని కొన్ని వేసవుల్లో ఖాళీ చేశాం. పైపొర మీద సిమెంటు పోసి, ఇంకే దారినీ మూసేశాం.

కోనేటికీ బోరుకీ ఉన్న తేడా నాకు మెట్ల మీద కూర్చున్నప్పుడే తెలిసింది. కోనేట్లో నీరు తగ్గితే మనం ఇంకో మెట్టు దిగాలి. నీరు ఎంత దూరం పోయిందో కాళ్లకు తెలుస్తుంది. బోరుకు స్విచ్ ఒక్కటే. అడుగంటే దాకా ఏమీ తెలియదు.

ఆ పైపొరను మళ్లీ నింపే పని చేతుల్లో ఉన్నవాళ్లు మన భాష మాట్లాడేవాళ్లే. మన్ను వడ్డెర్లు. కర్ణాటకలో వీళ్లను భోవి అని కూడా పిలుస్తారు. రాతి పని చేసేవాళ్లు రాతి వడ్డెర్లు, మట్టి పని చేసేవాళ్లు మన్ను వడ్డెర్లు. తరతరాలుగా దక్షిణాది చెరువులు, బావులు తవ్విన చేతులు వీళ్లవి. సర్జాపుర వైపు భోవిపాళ్య లాంటి ఊళ్లలో నేటికీ బావులు తవ్వే కుటుంబాలున్నాయి. బోర్లు వచ్చాక వీళ్ల పని అడుగంటింది. కొన్నేళ్లుగా బయోమ్ ఎన్విరాన్‌మెంటల్ ట్రస్టు వీళ్లతో కలిసి ‘బెంగళూరుకు పది లక్షల బావులు’ అనే ప్రయత్నం నడుపుతోంది. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావుల పూడిక తీసి మళ్లీ నీళ్లు చూపించింది ఈ చేతులే.

కిందటేడాది మా అపార్టుమెంటులో ఇంకుడు బావి తవ్వించాం. ఇద్దరు వచ్చారు. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. ఒకరు కిందికి దిగి పొట్టి పిడి గడ్డపారతో తవ్వుతుంటే, ఇంకొకరు పైన తాడు పట్టుకుని మట్టి తట్ట లాగేవారు. కొంత లోతుకు వెళ్లాక కిందాయన గుప్పెడు మట్టి తట్టలో పెట్టి పంపాడు. “చూడండి సార్, మట్టి రంగు తిరిగింది. చల్లగుంది చూడండి, చేతిలో పట్టుకోండి” అన్నాడు తెలుగులో. ఎర్రమట్టి పసుపురంగు ఇసుకగా మారింది. నిజంగానే చల్లగా ఉంది. ఆ మట్టి నీరు తాగుతుందని వాళ్లకు వేళ్లతోనే తెలుసు. తర్వాత చిల్లులున్న సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించారు. డాబా మీది వాన నీటి గొట్టాన్ని, వడకట్టే తొట్టి మీదుగా, అందులోకి తిప్పారు. పని మొత్తం మూడు రోజుల్లో అయిపోయింది. మొదటి పెద్ద వానకు బావి నిండింది. రెండో రోజుకల్లా ఆ నీరంతా నేలలోకి ఇంకిపోయింది.

అవ్వ చెప్పిన కథ ఆ రోజు నాకు ఇంకోలా అర్థమైంది. నంది కొమ్ము అంటే గడ్డపారే. గంగను రప్పించింది మంత్రం కాదు, నేలను తవ్విన శ్రమ. ఆ శ్రమకు మొక్కడం కోసమే దానికి దేవుడి పేరు పెట్టుకున్నారు. తవ్వినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేకపోవచ్చు. కోనేటి ప్రతి మెట్టూ వాళ్ల సంతకమే.

వెళ్లాలనుకుంటే

నంది గ్రామం: బెంగళూరు నుంచి బళ్లారి రోడ్డు మీద, దేవనహళ్లి దాటాక నంది కొండ వైపు తిరగాలి. చిక్కబళ్లాపురం దారిలో వెళ్లే రైలుకు నంది హాల్ట్ స్టేషన్ ఉంది. గుడి పురావస్తు శాఖది కాబట్టి నియమాలు పాటించాలి. శివరాత్రికి రథోత్సవం, ఆ రోజు జనం ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే మేలు.

మల్లేశ్వరం నంది తీర్థం: నగరం వదిలి పోలేనివాళ్లకు ఇది. కాడు మల్లేశ్వర గుడి దగ్గర 1997లో మట్టి తవ్వుతుంటే బయటపడింది. రాతి నంది నోటి నుంచి నీరు శివలింగం మీద పడి, అక్కడి నుంచి కల్యాణిలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి మట్టి కింద ఉన్నా ఊట ఆగలేదు.

కోలారు అంతరగంగ: కొండ మెట్లెక్కితే కాశీ విశ్వేశ్వరుడి గుడి. రాతి బసవన్న నోటి నుంచి పడే ఊట నీళ్లను భక్తులు దోసిట పట్టి తాగుతారు.

శివగంగ: దొబ్బస్‌పేట దగ్గరి కొండ. ఒళకల్ తీర్థంలో రాతి రోలు లాంటి రంధ్రంలోకి చెయ్యి పెట్టి నీటిని తాకాలి. నీళ్లు చేతికందితే కోరిక తీరుతుందని నమ్మకం.

దోసిలి నీళ్లు

తిరిగి బయల్దేరేముందు అమ్మ మళ్లీ మెట్లు దిగింది. ఈసారి దోసిట నీళ్లు తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి తిరిగి కోనేట్లోకే వదిలింది. “పట్టుకుపోదాం, సీసా ఉంది” అన్నాను. “వద్దురా. ఇది ఇక్కడుంటేనే అక్కడ మనకు ఏరు” అంది. అవ్వ తాను కట్టిన దండలోంచి మూర పూలు తెంపి అమ్మ చేతిలో పెట్టింది.

పోయిన బావులు తిరిగి రావా అంటే వస్తాయి. సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట మెట్ల బావిలో టన్నుల కొద్దీ చెత్త పేరుకుపోయి ఉండేది. దాన్నంతా ఎత్తిపోసి, రాళ్లు సరిచేసి, 2022 డిసెంబరులో తిరిగి జనానికి తెరిచారు. ఇప్పుడు అందులో నీళ్లున్నాయి. మన ఊళ్లలో పూడిపోయిన దిగుడు బావులు, చెత్తకుప్పలైన కోనేర్లు ఎన్ని ఉన్నాయో లెక్క వేయండి. ఊరికి ఒక్కటి బాగుచేసినా పండగే.

బెంగళూరులో ఏటా సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ముప్పై నలభై సైటులో కట్టిన ఇంటి డాబా 1,200 చదరపు అడుగులు అనుకుంటే, దాని మీద ఏడాదికి పడే నీరు లక్ష లీటర్లకు పైనే. కొత్తగా కట్టే అలాంటి ప్రతి ఇంటికీ వాన నీటిని పట్టే ఏర్పాటు తప్పనిసరి అని ఇక్కడ 2009 నుంచే చట్టం ఉంది. చట్టం కోసం కాదు, మన కోసం చేద్దాం.

నంది కొండకు వెళ్లేవాళ్లు ఈసారి కొండెక్కే ముందు కింద గుడి దగ్గర ఆగండి. ప్లాస్టిక్కు, కర్పూరం డబ్బాలు కోనేట్లో వేయకండి. పిల్లల చేత మెట్లు దిగించి, నీళ్లు తాకించండి. పాచి చారలు చూపించి, నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో లెక్కపెట్టమనండి. ఇంటికొచ్చాక, వానలు మొదలయ్యేలోగా, మీ గేటు పక్కన ఒక ఇంకుడు బావి తవ్వించండి. తవ్వడానికి వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడండి.